పిట్టకు దూరంగా, ఫోటోకు దగ్గరగా



ప్రతి ఏడూ వేసవి సెలవులకు ముందు ఎవరో ఒక విద్యార్థి నన్ను అడిగే ప్రశ్న ఒకటి వుంది. "మాస్టారూ, పిట్టల ఫోటోలు తియ్యాలని వుంది. ఏ కెమెరా కొనమంటారు?" ఈ మధ్య పదవ తరగతి కుర్రాడు ఒకడు ఈ ప్రశ్నతో పాటు ఒక కాగితం కూడా తెచ్చాడు. దాని మీద మూరెడు పొడవు కటకం వున్న పెద్ద కెమెరా బొమ్మ వుంది. బొమ్మ కింద, వాయిదాల మీద నెలకు ఎంత కట్టాలో వాళ్ళ నాన్నగారు పెన్సిలుతో వేసిన లెక్క వుంది. ఆ పెన్సిలు లెక్క చూశాక ఈ వ్యాసం రాయాలనిపించింది.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. హైస్కూలు విద్యార్థికి పక్షులనూ జంతువులనూ ఫోటో తీయడానికి అంత పెద్ద కెమెరా అక్కరలేదు. మెడకు తగిలించుకుని రోజంతా నడవగలిగే చిన్న కెమెరా చాలు. అయితే దానికి నిజమైన జూమ్ కటకం వుండి తీరాలి. అది కూడా ఒక్కరు కొనేకన్నా పదిమంది కలిసి, బడి సైన్సు క్లబ్బు తరఫున కొనడం మేలు. ఎందుకో చెబుతాను. నచ్చకపోతే వాదించండి. సైన్సు చదివేవాళ్ళు ఏదీ ఊరికే ఒప్పుకోకూడదు.

నేను చేసిన తప్పు

కొన్నేళ్ళ క్రితం ఏప్రిల్ నెలలో పన్నెండుమంది పిల్లలను వెంటబెట్టుకుని ఊరి చెరువు దగ్గరకు వెళ్ళాను. చెరువు సగం ఎండిపోయింది. ఎండిన చోట గులకరాళ్ళ మధ్య తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. తీతువు గూడు కట్టదని మీకు తెలుసుగదా! నేల మీద చిన్న గుంట, దాని చుట్టూ నాలుగు రాళ్ళు, అంతే దాని ఇల్లు. గుడ్ల రంగు మట్టి రంగులో, మచ్చలు మచ్చలుగా వుండి, రెండడుగుల దూరం నుంచి చూసినా రాళ్ళలాగే కనిపిస్తాయి.

మా దగ్గర వున్నది ఒక్క సెల్‌ఫోను. నలభై అడుగుల నుంచి తీస్తే పిట్ట ఆవగింజంత పడింది. "ఇంకాస్త దగ్గరికి వెళ్ళరా" అన్నది నేనే. కుర్రాడు వెళ్ళాడు. పిట్ట అరుస్తూ లేచిపోయింది. ఒకరు తీశాక ఇంకొకరు, వంతులవారీగా అందరూ గుడ్లను ఫోటో తీశారు. గడియారం చూస్తే ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. అంతసేపూ తల్లిపిట్ట మా నెత్తిమీద తిరుగుతూ అరుస్తూనే వుంది.

ఏప్రిల్ ఎండలో తీతువు గుడ్ల మీద కూర్చునేది వేడి ఇవ్వడానికి మాత్రమే కాదు, నీడ పట్టడానికి కూడా. ఎండ మరీ ముదిరితే నీటి దగ్గరకు వెళ్ళి పొట్ట కింది ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. ఈ సంగతి నేనే క్లాసులో చెప్పాను. చెప్పిన నేనే, ఆ పిట్టను ఆ పని చెయ్యనివ్వకుండా ఇరవై అయిదు నిమిషాలు నిలబెట్టాను.

మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే గుడ్లు లేవు. రెండు పెంకుముక్కలు మాత్రం వున్నాయి. కాకి తిన్నదో, కుక్క తిన్నదో! అందుకు మేమే కారణమని రుజువు చెయ్యలేను. కాదని కూడా రుజువు చెయ్యలేను. తిరిగి వస్తూ వుంటే ఒక అమ్మాయి, "మనం వెళ్ళకపోతే వుండేవా మాస్టారూ?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు దానికి జవాబు తోచలేదు.

మరొక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే మీరు ఆశ్చర్యపోతారు. చంపడం, పట్టడం మాత్రమే కాదు. అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్ళనూ కదిలించి కలత పెట్టడం కూడా ఆ నిర్వచనం కిందికే వస్తాయి. తుపాకీ లేకుండా కూడా వేట జరుగుతుందన్నమాట!

ఆనాటి నుంచీ కెమెరాను నేను మరో కంటితో చూస్తున్నాను. కెమెరా కొనడమంటే దూరాన్ని కొనడం. మనకూ పిట్టకూ మధ్య ఎంత దూరం వుంచగలదో, అదే దాని విలువ.

లకుముకి లెక్క

దూరాన్ని కొనేది కటకం. ఎలాగో ఒక చిన్న లెక్కతో చూద్దాం. మీరు చదివిన కుంభాకార కటకం పాఠమే ఇది.

దూరంగా వున్న వస్తువు ప్రతిబింబం పొడవు కావాలంటే, వస్తువు పొడవును కటకం నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగించాలి. లకుముకి పిట్ట పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. అది 28 మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద కూర్చుని వుందనుకోండి. పొడవును దూరంతో భాగిస్తే 100వ వంతు వస్తుంది. అంటే కటకం నాభ్యంతరం ఎంతో, అందులో 100వ వంతు పొడవున్న లకుముకి కెమెరా లోపల పడుతుంది.

సెల్‌ఫోనులోని మామూలు కటకం నాభ్యంతరం సుమారు 6 మిల్లీమీటర్లు. కనుక ఫోనులో పడే లకుముకి పొడవు 0.06 మిల్లీమీటరు. వెలుగును పట్టే సెన్సరు పలక మీద ఒక్కొక్క చుక్క, అనగా పిక్సెల్, ఒక మైక్రాను వెడల్పు వుందనుకుంటే లకుముకి మొత్తానికి వచ్చేది 60 చుక్కలు. ముక్కు నుంచి తోకదాకా అరవై చుక్కలే! వాటిలో కంటికెన్ని, రెక్కకెన్ని?

ఇప్పుడు 250 మిల్లీమీటర్ల నాభ్యంతరం వున్న జూమ్ కెమెరా తీసుకోండి. లకుముకి పొడవు 2.5 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ రకం చిన్న కెమెరాలలో సెన్సరు పలక సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు వుంటుంది. అంటే లకుముకి ఫోటో ఎత్తులో సగానికి పైగా ఆక్రమిస్తుంది. 28 మీటర్ల దూరం నుంచి! పిట్ట మిమ్మల్ని పట్టించుకోకుండా చేపల కోసం చూస్తూనే వుంటుంది.

మరి ఫోనులో కూడా వేళ్ళతో సాగదీస్తే పిట్ట పెద్దది అవుతుందిగదా అంటారు. అది డిజిటల్ జూమ్. అది చేసే పనల్లా ఫోటో అంచులు కత్తిరించి మధ్యభాగాన్ని సాగదీయడమే. వార్తాపత్రికలోని బొమ్మను భూతద్దంతో చూస్తే చుక్కలు పెద్దవవుతాయే గాని కొత్త వివరం ఏమీ కనిపించదు. ఇదీ అంతే. కొన్ని ఖరీదైన ఫోన్లలో దూరం చూపే కటకం విడిగా వుంటుంది. అది కొంత నయం, అయినా జూమ్ కెమెరాకు సాటిరాదు.

మెగాపిక్సెళ్ళ మాట కూడా ఇక్కడే చెప్పాలి. దుకాణంవాళ్ళు ముందుగా చెప్పేది ఆ అంకెనే. కాంతి తరంగ స్వభావం వల్ల ఎంత మంచి కటకమైనా ఒక బిందువును బిందువుగా చూపలేదు. చిన్న బొట్టుగా చూపుతుంది. ఇలాంటి చిన్న కెమెరాను పూర్తి జూమ్‌లో వుంచినప్పుడు ఆ బొట్టు వెడల్పు 8, 9 మైక్రాన్లు వుంటుంది. పిక్సెల్ వెడల్పేమో ఒకటిన్నర మైక్రాను కూడా వుండదు. బొట్టు కన్నా పిక్సెళ్ళు ఇప్పటికే చిన్నవి. వాటిని ఇంకా చిన్నవి చేసి సంఖ్య పెంచితే పిట్ట ఈకలు ఎక్కువగా కనిపించవు. మీ కార్డులో స్థలం మాత్రం నిండుతుంది.

బరువు ఎక్కడ నుంచి వస్తుంది?

"మరి పెద్దవాళ్ళంతా ఆ పెద్ద కెమెరాలు ఎందుకు మోస్తున్నారు?" అని మీరు అడగాలి. అడిగే తీరాలి.

పెద్ద కెమెరాల సెన్సరు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు వుంటుంది. వైశాల్యం లెక్కగడితే చిన్న కెమెరా సెన్సరుకు సుమారు 30 రెట్లు. వాన నీటికి పళ్ళెం పెడితే ఎక్కువ పడుతుందా, మూత పెడితే ఎక్కువ పడుతుందా? వెలుగు సంగతీ అంతే. తెల్లవారు చీకట్లో, దట్టమైన అడవి నీడలో, సాయంత్రం గూటికి చేరే పక్షుల దగ్గర పెద్ద సెన్సరు గెలుస్తుంది. చిన్న కెమెరా తీసిన ఫోటోలో ఇసుక చల్లినట్లు మరకలు వస్తాయి. ఇది నిజం. దీన్ని దాచిపెట్టి నా వాదం నెగ్గించుకోను.

కాని ఆ గెలుపుకు చెల్లించే మూల్యం చూడండి. అదే లకుముకి, అదే 28 మీటర్లు. పెద్ద సెన్సరు ఎత్తులో సగానికి పైగా నింపాలంటే ప్రతిబింబం 13 మిల్లీమీటర్లు వుండాలి. అంటే నాభ్యంతరం 1300 మిల్లీమీటర్లు, మీటరుకు పైనే! అంత కటకం ఎవరు మోస్తారు? అందుకే ఆ కెమెరాలవాళ్ళు 600 మిల్లీమీటర్ల దగ్గర ఆగి, మిగిలినది నడిచి దగ్గరకు వెళ్ళో, ఫోటోను కత్తిరించో సరిపెట్టుకుంటారు. 150 నుంచి 600 దాకా వెళ్ళే జూమ్ కటకం ఒక్కటే దాదాపు 2 కిలోలు తూగుతుంది. దానికి కెమెరా, దాని కింద ముక్కాలిపీట తోడవుతాయి.

చిన్న కెమెరాలలో కూడా దూరం పెరిగినకొద్దీ బరువు పెరుగుతుంది. 2018లో వచ్చిన కానన్ ఎస్ఎక్స్70 కటకం 247 మిల్లీమీటర్ల దాకా వెళుతుంది. బరువు సుమారు 600 గ్రాములు. 2015లో వచ్చిన నికాన్ పి900 కటకం 357 దాకా వెళుతుంది. బరువు సుమారు 900 గ్రాములు. 2018 నాటి నికాన్ పి1000 కటకం 539 దాకా. బరువు 1400 గ్రాములు. ఇవే కొనమని చెప్పడం లేదు. కెమెరాలు వస్తుంటాయి, పోతుంటాయి. ఈ మూడు అంకెల జతలను గ్రాఫు కాగితం మీద పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

బరువు విషయం చిన్నది కాదు. ఇవాళ ప్రపంచమంతా వాడే ఈ 36, 24 మిల్లీమీటర్ల కొలతను స్థిరపరచినది ఆస్కార్ బార్నాక్ అనే జర్మన్ సాంకేతిక నిపుణుడు చేసిన కెమెరా. ఆయనకు ఉబ్బసం. గాజుపలకల బరువు కెమెరాను మోసుకుని కొండదారుల్లో తిరగడం ఆయనవల్ల కాలేదు. అందుకని సినిమా రీలు వాడే బుల్లి కెమెరా ఒకటి 1914 నాటికే తయారుచేశాడు. అదే 1925లో లైకా పేరుతో బజారుకు వచ్చింది. "ఇంత చిన్న కెమెరాతో ఫోటోలా!" అనుకున్న రోజులవి. ఆనాటి చిన్న కెమెరా కొలతే ఈనాడు పెద్ద కెమెరా కొలత అయింది. మోయలేనివాడు తేలికదాన్ని కనిపెట్టాడని గుర్తుంచుకోండి.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. కిలో ఉప్పు పొట్లాన్ని రెండు చేతులతో ముఖం ముందు పట్టుకుని అయిదు నిమిషాలు కదలకుండా నిలబడండి. తర్వాత రెండు పొట్లాలతో ప్రయత్నించండి. చేతులు వణికే క్షణం ఎప్పుడు వచ్చిందో రాసుకోండి. లకుముకి నీళ్ళలోకి దూకేది సరిగ్గా ఆ క్షణం తర్వాతే!

దుకాణంలో చూడవలసినవి

ఒకటి. "ఎన్ని రెట్లు జూమ్?" అని మాత్రమే అడగకండి. ఆ అంకె కేవలం నిష్పత్తి. 357ను 4.3తో భాగిస్తే 83 వస్తుంది. అందుకే పి900ను 83 రెట్లు అన్నారు. 20 నుంచి 200 దాకా వెళ్ళేది 10 రెట్లు, 100 నుంచి 500 దాకా వెళ్ళేది 5 రెట్లు. ఒకే కొలత సెన్సరు మీద దూరం చూపేది ఏది? రెండవదే. వేర్వేరు సెన్సర్ల కెమెరాలను పోల్చాలంటే "35 మిల్లీమీటర్ల సమాన నాభ్యంతరం ఎంత?" అని అడగండి. పక్షులకు అది 600 అయినా వుండాలి. వెయ్యి దాటితే మరీ మంచిది.

రెండు. కన్ను ఆనించి చూసే కిటికీ, అనగా వ్యూఫైండర్, వుండాలి. మన ఎండలో వెనుక తెర మీద ఏమీ కనిపించదు. పైగా కెమెరాను నుదుటికి ఆనిస్తే రెండు చేతులూ తలా కలిసి మూడు కాళ్ళ పీటలాగా నిలబెడతాయి.

మూడు. చెయ్యి వణుకును సరిదిద్దే ఏర్పాటు వుండాలి. కాని అది మీ వణుకునే ఆపుతుంది, పిట్ట కదలికను ఆపదు. ఎగిరే పిట్టకు సెకనులో వెయ్యవ వంతు కన్నా తక్కువ సమయం ఇవ్వాలి. దానికి వెలుగు కావాలి. కనుక సూర్యుణ్ణి మీ వీపు వెనుక వుంచుకోండి.

నాలుగు. మీట నొక్కితే చప్పుడు రాకుండా, ఫ్లాష్ వెలగకుండా చేయగల వీలు వుందా చూడండి. గూళ్ళ దగ్గర, రాత్రి పూట ఫ్లాష్ వాడవద్దు.

అయిదు. దుకాణం గుమ్మంలో నిలబడి ఎదుటి వీధి బోర్డు మీది చిన్న అక్షరాలను పూర్తి జూమ్‌లో తీయండి. తర్వాత తిరిగే ఆటోను తీయండి. మొదటిది కటకాన్నీ, రెండవది ఫోకస్ వేగాన్నీ పరీక్షిస్తుంది. వాడిన కెమెరా కొంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం.

ఎంత మంచి కెమెరా అయినా మిట్టమధ్యాహ్నం దూరపు పిట్టను అలలు అలలుగా చూపుతుంది. నేల వేడికి పైనున్న గాలి పొరల సాంద్రత మారి కాంతి వంగడమే కారణం. ఎండమావిని పుట్టించేదీ అదే. దీన్ని ఏ దుకాణంలోనూ పోగొట్టలేరు. పొద్దున్నే లేవడం ఒక్కటే మందు.

ఇంత డబ్బు కూడా లేకపోతే? ఒక బైనాక్యులరు సంపాదించండి. దాని కంటి కటకానికి ఫోను కటకాన్ని జాగ్రత్తగా ఆనించి తీయండి. 8 రెట్ల బైనాక్యులరుతో మన 60 చుక్కల లకుముకి 480 చుక్కలు అవుతుంది. ఫోటో అంచులు నల్లబడినా, అది ఏ పిట్టో చెప్పడానికి చాలు.

ఫోటో దేనికి?

అసలు ప్రశ్న ఇదే. పోటీలో బహుమతి కోసమైతే నా మాట వినకండి. కాని సైన్సు విద్యార్థికి ఫోటో ఒక సాక్ష్యం. ఏ పిట్ట, ఏ రోజు, ఏ చోట, ఏం చేస్తూ వుంది? ఈ నాలుగూ తెలిస్తే కాస్త మసక ఫోటో కూడా విలువైనదే.

మన రాష్ట్రంలోనే ఇందుకు ఉదాహరణ వుంది. కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతపు చిట్టడవిలో మళ్ళీ దొరికింది. అది రాత్రి తిరిగే పక్షి, బెదురు పక్షి. తర్వాత దాని జాడ తీసిన శాస్త్రజ్ఞులు ఏం చేశారు? పొదల మధ్య చిన్న స్వయంచాలక కెమెరాలు అమర్చి తాము తప్పుకున్నారు. మనిషి లేని చోట కెమెరా పక్షిని పట్టింది. ఆ ఫోటోలు గోడకు తగిలించుకోవడానికి తీసినవి కావు. పక్షి బ్రతికి వున్నదనడానికి సాక్ష్యాలు.

మీరూ ఇలాంటి పని చేయవచ్చు. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచమంతటా జరిగే పక్షుల లెక్కింపులో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటున్నది. బడి ఆవరణలో పావుగంట చూసి లెక్క పంపినా చాలు. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టుకు వెళితే, కాపలా బురుజు మీది నుంచే గూడబాతుల గూళ్ళు చూడవచ్చు. అక్కడ దిగి ముందుకు నడవవలసిన పనే లేదు.

కనుక నా సూచన ఇది. సైన్సు క్లబ్బుకు ఒక చిన్న జూమ్ కెమెరా, దానితో పాటు ఒక నోటుపుస్తకం కొనండి. ఫోటో తీసినవారు తేదీ, సమయం, స్థలం, పిట్టకు ఎన్ని అడుగుల దూరంలో నిలబడ్డారో రాయాలి. చివరి గడిలో "పిట్ట తన పని మానిందా?" అనే ప్రశ్నకు జవాబు రాయాలి. మేస్తున్న పిట్ట తల ఎత్తి మీ వైపే చూస్తూ వుంటే మీరు మరీ దగ్గరకు వచ్చినట్లు. వెనక్కి నడవండి. ఆ గడిలో "అవును" అని పడిన ఫోటో ఎంత అందంగా వున్నా మా క్లబ్బు గోడ మీద పెట్టం.

వాయిదాల కాగితం తెచ్చిన కుర్రాడు ఈ లెక్కలన్నీ విని, "మా నాన్నకు మీరే చెప్పండి మాస్టారూ" అన్నాడు. చెప్పాను. పోయిన ఏప్రిల్‌లో వాడూ నేనూ అదే చెరువు దగ్గరకు వెళ్ళాం. క్లబ్బు కెమెరాతో గట్టు మీద నుంచే తీశాడు. నూట యాభై అడుగుల దూరం. వేడిగాలికి ఫోటో కొంచెం అలలుగా వచ్చింది. తీతువు మాత్రం గుడ్ల మీద నుంచి లేవలేదు. నోటుపుస్తకం చివరి గడిలో వాడు "లేదు" అని రాశాడు.

మీ బడిలో క్లబ్బు వుంటే ఈ నెలలోనే మీ ఉపాధ్యాయులతో మాట్లాడండి. లేకపోతే మీరే మొదలుపెట్టండి.